ఖాళీ తట్ట, నిండు తట్ట: కొత్త యానిమేటర్‌కు తోటివాళ్ల మాట ఎప్పుడు పనికొస్తుంది

యానిమేషన్ సొంతంగా నేర్చుకునేవాళ్లకు ఇవాళ సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. త్రీడీ యానిమేషన్ చేసే బ్లెండర్ ఉచితం. పాత్రను ఆడించడానికి కావలసిన రెడీమేడ్ రిగ్‌లు (లోపల ఎముకల్లాంటి అమరిక ఉన్న బొమ్మలు) ఉచితంగా దొరుకుతున్నాయి. పాఠాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. దొరకనిదల్లా, చేసిన షాట్ చూసి ఎక్కడ తేడా కొడుతోందో చెప్పే మనిషి. హైదరాబాద్‌లో కోర్సులో చేరినవాళ్లకు పక్క సిస్టమ్ ముందే అలాంటివాళ్లు కూర్చుని ఉంటారు. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, నాగర్‌కర్నూల్‌లోనో ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని నేర్చుకునే అబ్బాయిలకు, అమ్మాయిలకు ఆ సౌకర్యం లేదు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లే. కానీ ఐదు సెకన్ల షాట్ చూపించుకోవడానికి ఎవరూ వంద కిలోమీటర్లు వెళ్లరు. స్టేటస్‌లో పెడతారు. "కిరాక్ ఉంది అన్నా" అని మెసేజ్‌లు వస్తాయి. సంతోషమే. తర్వాతి షాట్‌లో మళ్లీ అవే తప్పులు.

తోటివాళ్లకు చూపిస్తే పని బాగుపడుతుందని అందరూ అంటారు. ఎలా బాగుపడుతుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. చూసేవాళ్లు సాధారణంగా రెండు మాటలను కలిపేసి చెప్తారు. తమకు ఎక్కడ ఇబ్బందిగా అనిపించిందన్నది ఒక మాట. దాన్ని ఎలా సరిచేయాలన్నది రెండో మాట. మొదటిది దాదాపు ఎప్పుడూ నిజమే. పుట్టినప్పటి నుంచీ మనుషుల కదలికలను చూస్తున్న కళ్లు అవి. రెండోది చాలాసార్లు తప్పుతుంది, ఎందుకంటే లోపం బయటికి కనిపించేది ఒకచోట, దాని కారణం ఉండేది ఇంకోచోట. చెప్పింది చెప్పినట్టు దిద్దేసేవాళ్లూ, అసలు పట్టించుకోనివాళ్లూ దెబ్బతినేది ఇక్కడే.

ఒక షాట్ తీసుకుందాం. చెరువు పూడికతీత పని. ఒక ఆడమనిషి నడుమెత్తు గట్టు మీద నింపిపెట్టిన మట్టి తట్టను ఎత్తి, చుట్టబట్ట మీద పెట్టుకుని, నాలుగడుగులు నడవాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఐదు సెకన్లు, అంటే 120 ఫ్రేములు (విడి బొమ్మలు). సగం ఎత్తడానికి, సగం నడవడానికి. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు కట్టింది, కాలువలు తవ్వింది. తట్ట మోసిన మనుషులు లేని ఊరు ఈ ప్రాంతంలో దొరకడం కష్టం. అందుకే ఇక్కడివాళ్లకు ఈ షాట్ గట్టి పరీక్ష. చూసేవాళ్లకు నిజం ఏమిటో ముందే తెలుసు.

కొత్తగా చేసినవాళ్ల షాట్‌ను నలుగురికి చూపిస్తే నాలుగు మాటలు వస్తాయి. యానిమేషన్ నేర్చుకుంటున్న స్నేహితుడు "ఫ్లోటీగా ఉంది బ్రో" అంటాడు. ఇంకొకరు "స్లోగా ఉంది, స్పీడ్ పెంచు" అంటారు. మూడో మనిషి "నడిచేటప్పుడు తట్ట ఎగురుతోంది, దాన్ని కదలకుండా పెట్టు" అంటారు. యానిమేషన్ అంటే ఏమిటో తెలియకపోయినా, ఒకప్పుడు తట్ట మోసిన పెద్దామె స్క్రీన్ చూసి "అండ్ల మన్నే లేదు బిడ్డా, వట్టి తట్టనే గది" అంటుంది. నాలుగింటిలో చివరిదే అన్నిటికంటే విలువైన మాట. ఆమె స్పీడ్ పెంచమనలేదు, తగ్గించమనలేదు. తనకు కనిపించింది మాత్రమే చెప్పింది. దాన్ని సాఫ్ట్‌వేర్ భాషలోకి మార్చుకోవడం యానిమేటర్ పని.

తట్ట ఖాళీగా ఎందుకు కనిపిస్తోంది? బొమ్మల్లో బరువు వస్తువులో కనిపించదు, మోసే ఒంట్లో కనిపిస్తుంది. కొత్తవాళ్ల షాట్‌లో చేతులు కదలడం మొదలైన ఫ్రేములోనే తట్ట కూడా గట్టు మీంచి లేస్తుంది. నిజంగా బరువెత్తే మనిషి అలా చేయదు. ముందు నడుము దించి తట్టకు దగ్గరగా జరుగుతుంది. వేళ్లు అంచు కిందికి వెళ్తాయి. చేతులు సాగుతాయి, భుజాలు బిగుసుకుంటాయి. బలం పడుతోంది, తట్ట మాత్రం ఇంకా కదలదు. ఆ కొద్దిసేపు, ఐదారు ఫ్రేములు చాలు, ఒళ్లు పనిచేస్తూ వస్తువు కదలకుండా ఉండటమే చూసేవాళ్లకు బరువు లెక్కను చెప్పేస్తుంది. ఆ తర్వాత తట్ట మెల్లగా గట్టును వదులుతుంది, ఛాతీ దగ్గర వేగం అందుకుంటుంది, తలమీద కూర్చునేటప్పుడు మళ్లీ నెమ్మదిస్తుంది. కూర్చున్న మరుక్షణం మోకాళ్లు కొద్దిగా వంగి మళ్లీ లేస్తాయి. ఆ వంపు లేకపోతే తట్టలో దూది ఉన్నట్టే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని లెక్క వేసి చూడొచ్చు. 50 కిలోల మనిషి 20 కిలోల తట్టను ఒంటికి 40 సెంటీమీటర్ల ముందుకు పట్టుకుందనుకుందాం. మనిషినీ తట్టనూ కలిపి చూస్తే గరిమనాభి దాదాపు 11 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. పడిపోకుండా ఉండాలంటే ఒళ్లు ఆ మేరకు వెనక్కి సర్దుకోవాలి, లేదా తట్టను ఒంటికి దగ్గరగా లాక్కోవాలి. కొత్తవాళ్ల బొమ్మ నిటారుగా నిలబడి చేతులు చాపి తట్ట పట్టుకుంటుంది. పెద్దామె కన్ను పట్టుకున్నది సరిగ్గా దీన్నే. ఆమెకు సెంటీమీటర్లు అక్కర్లేదు.

"ఫ్లోటీ" అన్న స్నేహితుడి మాట కూడా నిజమే. బ్లెండర్‌లో రెండు కీల (ఫలానా ఫ్రేములో పోజు ఇదీ అని పెట్టే గుర్తుల) మధ్య మామూలుగా వచ్చేది బెజియర్ కర్వ్, అంటే కదలికను చూపించే వంపు గీత. ప్రతి కీ దగ్గరా కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. నడుము, భుజాలు, తల, చేతులు అన్నింటికీ ఒకే ఫ్రేములో కీలు పెట్టేస్తే ఒళ్లంతా ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగుతుంది. పాత్ర నీళ్లలో కదులుతున్నట్టు ఉంటుంది. పోజులు ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు. నడుము ముందు కదిలి, దాని వెనకాల రెండు మూడు ఫ్రేముల తేడాతో ఛాతీ, ఆ తర్వాత తల, చివర చేతులు కదిలేలా కీలను పక్కకు జరపాలి. ఆగేచోట కూడా అన్నీ ఒకేసారి ఆగకూడదు.

"స్లోగా ఉంది, స్పీడ్ పెంచు" అన్నది జాగ్రత్తగా వినాల్సిన మాట. స్లోగా అనిపించడం నిజం. మొత్తం షాట్‌ను కుదించి వేగం పెంచితే మాత్రం ఎత్తేటప్పటి బరువు కూడా పోతుంది. చాలాసార్లు దీని కారణం షాట్‌లో ఉండదు, చూసి చేసుకోవడానికి తీసుకున్న రిఫరెన్స్ వీడియోలో ఉంటుంది. ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేములతో తీసిన వీడియోను 24 ఫ్రేముల ప్రాజెక్టులో ఫ్రేముకు ఫ్రేము పెట్టి దాని మీదే పోజులు కట్టుకుంటూ పోతే, కదలిక అసలు కంటే నాలుగో వంతు ఎక్కువ సమయం తీసుకుంటుంది. సెకనులో అయ్యే పని సెకనుంపావులో అవుతుంది. ఇది దొరక్క వారాల తరబడి కర్వులు సవరించేవాళ్లు ఉన్నారు. వీడియో ఎన్ని ఫ్రేములతో తీసిందో చూసుకోవడానికి నిమిషం పట్టదు.

కొన్ని వేగాలు అభిప్రాయానికి వదిలేయాల్సినవి కూడా కావు. భుజం ఎత్తు నుంచి, దాదాపు 120 సెంటీమీటర్ల మీంచి, చేతిలోంచి జారిన తట్ట నేలను తాకడానికి అర సెకను పడుతుంది. అంటే 12 ఫ్రేములు. 24 ఫ్రేములు ఇస్తే భూమ్యాకర్షణ నాలుగో వంతుకు తగ్గిపోయినట్టు కనిపిస్తుంది, ఎవరు చూసినా "తేలికగా ఉంది" అంటారు. 12 ఫ్రేములనూ మూడేసి చొప్పున నాలుగు భాగాలు చేస్తే పడే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉండాలి: మొదటి మూడు ఫ్రేముల్లో ఏడున్నర సెంటీమీటర్లు, తర్వాత ఇరవై రెండున్నర, ముప్పై ఏడున్నర, చివరి మూడింట్లో యాభై రెండున్నర. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చదివిన ఎవరైనా ఇది సరిచూసి చెప్పగలరు. తోటివాళ్లంటే యానిమేషన్ వాళ్లే అయి ఉండాలనుకోవడం పొరపాటు.

ఇక తట్ట ఎగరడం. ఇక్కడే చెప్పిన చికిత్సకూ అసలు జబ్బుకూ దూరం బాగా తెలుస్తుంది. "తట్టను కదలకుండా పెట్టు" అన్న మాట విని తలకు వ్యతిరేక దిశలో కీలు పెడితే తట్ట నిలబడుతుంది, మెడ మాత్రం తాబేలు మెడలా లోపలికి బయటికి పోతుంది. మామూలు నడకలో ఒళ్లు అడుగడుగునా నాలుగైదు సెంటీమీటర్లు పైకి కిందికి ఊగుతుంది. కాలు నేలకు ఆనిన వెంటనే కిందికి, రెండో కాలు దాన్ని దాటిన తర్వాత పైకి. కొత్తవాళ్లు ముందు నేర్చుకునే వాక్ సైకిల్ (మళ్లీ మళ్లీ తిరిగే నడక) అదే, అడుగుకు 12 ఫ్రేములతో. ఆ నడకనే తెచ్చి తలకు తట్ట తగిలిస్తే తట్ట ఎగరక ఏం చేస్తుంది? తలమీద బరువున్న మనిషి అడుగులు చిన్నవి. మోకాళ్లు కొద్దిగా వంగే ఉంటాయి, పైకి కిందికి ఊగడం తగ్గిపోతుంది, రెండు కాళ్లూ నేలమీద ఉండే సమయం పెరుగుతుంది. మెడ నిటారు. నడుము మాత్రం పక్కలకు కదులుతుంది. ఒక చెయ్యి తట్ట అంచు మీద, రెండోది ఒంటికి దగ్గరగా ఊగుతూ. కాబట్టి దిద్దాల్సింది తలను కాదు, నడుము ఎత్తును నడిపించే ఒక్క కర్వును. ఆ కర్వు చదునైతే తట్ట దానంతటదే కుదురుకుంటుంది.

దీనికి చుట్టం ఇంకో ఫిర్యాదు ఉంది: "మోకాలు టక్కుమంటోంది." చూసేవాళ్లు మోకాలినే చూపిస్తారు. పాదాలు ఐకేతో (పాదం ఉన్నచోటే ఉండి మోకాలు దానికి తగ్గట్టు వంగే ఏర్పాటు) నేలకు బిగించి ఉన్నప్పుడు నడుము మరీ పైకి పోతే కాలు పూర్తిగా సాగిపోతుంది, ఆ చివరి ఒకటి రెండు ఫ్రేముల్లో మోకాలు ఒక్కసారిగా నిటారవుతుంది. మళ్లీ నడుమే. కొత్తవాళ్ల షాట్‌లో కాళ్ల మీద, పాదాల మీద, తలమీద వచ్చే వ్యాఖ్యల్లో సగానికి పైగా నడుము దగ్గరికే వెళ్తాయని అనుకుని వెతకడం మొదలుపెడితే టైమ్ చాలా మిగులుతుంది.

ఇదంతా షాట్ పూర్తయ్యాక తెలిస్తే ప్రయోజనం తక్కువ. వేళ్లు, రెప్పలు, కొంగు అన్నీ అయిపోయాక "నడుము తప్పు" అని వింటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, మార్చడానికి మనసొప్పదు. అందుకే చూపించాల్సింది బ్లాకింగ్ దశలో. ఏడెనిమిది ముఖ్యమైన పోజులు, మధ్యలో కదలిక లేకుండా ఒక పోజు నుంచి ఇంకో పోజుకు దూకేలా ఉన్నప్పుడు. బ్లెండర్‌లో అయితే కీలను కాన్‌స్టంట్‌లో పెట్టుకుంటే చాలు. 1930లలో డిస్నీ స్టూడియోలో రంగులు వేయకముందే పెన్సిల్ గీతలను ఫిల్ము మీద తీసి స్వెట్‌బాక్స్ అనే చిన్న గదిలో వేసి చూసేవాళ్లు. పిక్సార్‌లో యానిమేటర్లు సగం అయిన షాట్లను రోజూ డైరెక్టర్‌కూ తోటివాళ్లకూ చూపించే పద్ధతి ఉంది. అంత అనుభవం ఉన్నవాళ్లే సగం పనిని చూపించడానికి వెనకాడనప్పుడు, మొదటి ఏడాది నేర్చుకునేవాళ్లు పూర్తయ్యేదాకా దాచుకోవడంలో అర్థం లేదు.

చూపించే తీరులోనూ ఒక పద్ధతి ఉంటే మంచిది. షాట్ వేయకముందు వివరణ ఇవ్వకూడదు. "ఈమె తట్ట ఎత్తుతోంది, బరువుగా ఉంటుంది" అని ముందే చెప్పేస్తే చూసేవాళ్లకు అదే కనిపిస్తుంది. చేసినవాళ్ల కన్ను మొద్దుబారేది కూడా ఇందుకే. తాము ఏం అనుకున్నారో తెలుసు కాబట్టి తెరమీద లేనిది కూడా వాళ్లకు కనిపిస్తుంది, పైగా అదే లూప్ వందలసార్లు చూసి ఉంటారు. షాట్ ఒకసారి వేసి "ఏం జరిగింది?" అని అడగాలి. "ఏదో వెతుకుతోంది" అన్నారంటే ఎత్తే పోజు అర్థం కాలేదన్నమాట. అప్పుడు పాత్రను మొత్తం నల్లగా చేసి నీడగా చూడాలి. చేతులు ఒంట్లో కలిసిపోయి ఉంటే కెమెరా కోణమో, పోజో మార్చాలి. రెండోసారి వేసినప్పుడు ఒకే ప్రశ్న అడగాలి: "ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు?"

ఆ "ఎక్కడ" ఫ్రేము నంబర్‌తో చెప్పగలిగితే సగం పని అయినట్టే. బ్లెండర్‌లో మెటాడేటా సెట్టింగ్‌లో ఫ్రేము నంబర్‌ను వీడియో మీదే పడేలా చేయొచ్చు. "నడక బాలేదు" అనే మాటతో ఏమీ చేయలేం. "74 దగ్గర ఎడమ పాదం జారింది" అంటే నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించేసి గీతలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. ఎదురుగా కూర్చుని చూసే వీలుంటే, బ్లెండర్‌లోనే గీతలు గీసే గ్రీజ్ పెన్సిల్‌తో షాట్ మీదే మణికట్టు దారిని ఫ్రేము ఫ్రేముకూ చుక్కలు పెట్టిస్తే ఆర్క్ (కదలిక వంపు దారి) ఎక్కడ విరిగిందో ఇద్దరికీ ఒకేసారి కనిపిస్తుంది.

చెప్పేవాళ్ల వైపు నుంచి మన దగ్గర ఒక చిక్కు ఉంది. అన్నకు తమ్ముడు తప్పు చెప్పలేడు, చెప్తే ఎక్కువ చేస్తున్నాడంటారు. జూనియర్ అమ్మాయి సీనియర్ అబ్బాయి షాట్‌ను తప్పుపట్టడం ఇంకా కష్టం. దీంతో పొగడ్త పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ తిరుగుతుంది, పనికొచ్చే మాట ఎవరి నోటా రాదు. మాట మనిషి మీదికి కాకుండా పాత్ర మీదికి తిప్పితే చాలామందికి నోరు విప్పడం తేలికవుతుంది. "అన్నా, నువ్వు తప్పు చేసినవ్" అనడం కంటే "అన్నా, ఆమె నడుము 40 దాకా కదలనే లేదు" అనడం ఇద్దరికీ సులువు. ఎగతాళి మాత్రం ఎవరి నోటి నుంచి వచ్చినా ఆపాలి. ఒక్కసారి నవ్వులపాలైన మనిషి తర్వాతి షాట్‌ను బ్లాకింగ్‌లో చూపించడు, అన్నీ అయ్యాకే చూపిస్తాడు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ముగ్గురు మూడు రకాలుగా చెప్పినప్పుడు ఎవరి మాట వినాలి? పరిష్కారాలు పక్కన పెట్టి చోట్లు చూడాలి. ఒకరు 30 దగ్గర చేతులంటారు, ఇంకొకరు 34 దగ్గర వేగమంటారు, మూడోవాళ్లు 38 దగ్గర ముఖమంటారు. ముగ్గురి వేళ్లూ ఎనిమిది ఫ్రేముల్లోపలే ఉన్నాయి కాబట్టి అక్కడ ఏదో తేడా ఉంది. తట్ట గట్టును వదిలే క్షణం అదే అయితే, తప్పు చేతుల్లోనూ ముఖంలోనూ కాక బలం పడే ఫ్రేములు తక్కువ కావడంలో ఉండొచ్చు. ఒక్కరికే అనిపించి మిగతావాళ్లకు అనిపించనివి, ముఖ్యంగా "నాకైతే ఇంకా స్టైలిష్‌గా ఉంటే బాగుండు" లాంటివి, రాసుకుని పక్కన పెట్టొచ్చు. వరుస కూడా ముఖ్యమే: ముందు కథ అర్థమవుతోందా, తర్వాత బరువు, తూకం, ఆ తర్వాతే వేళ్లు, రెప్పలు. నడుము తేలకముందు కనురెప్పల మీద అరగంట చర్చ పెట్టుకోవడం వృథా.

రిఫరెన్స్ విషయంలో దక్షిణ తెలంగాణలో ఉన్నవాళ్లు అదృష్టవంతులనే చెప్పాలి. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1887లో ప్రచురించిన ఫోటోల సంపుటాలను యానిమేటర్లు ఇప్పటికీ ముందేసుకుని కూర్చుంటారు. మనుషుల నడకను క్షణం క్షణం విడగొట్టి చూపించే ఆ వరుసల్లో తలమీద బుట్టతో నడిచే స్త్రీ కూడా ఉంది. ఇక్కడ దానికి ఫోటోలు వెతుక్కోనక్కర్లేదు. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల నడక, నల్లగొండ బత్తాయి తోటల్లో గంపలు ఎత్తేవాళ్ల నడుము, నారాయణపేటలో మగ్గం మీద కూర్చున్నవాళ్ల కాళ్ల పని, అన్నీ కళ్లముందే ఉన్నాయి. అడిగి, ఒప్పుకుంటేనే పక్కనుంచి వీడియో తీసుకోవాలి. చేసిన షాట్‌ను మళ్లీ వాళ్లకే చూపించాలి. ఆ బరువు రోజూ మోసే మనిషి కంటే దాని గురించి బాగా చెప్పగలిగేవాళ్లు ఏ స్టూడియోలోనూ ఉండరు.

ఇంకొకరి షాట్‌లో తప్పు వెతికే మనిషికి దక్కేది తక్కువేం కాదు. సొంత షాట్‌లో కనిపించని జారే పాదం ఎదుటివాళ్ల షాట్‌లో వెంటనే కనిపిస్తుంది. దాని కారణం నడుము కర్వులో దొరికాక, ఇంటికెళ్లి సొంత ఫైల్ తెరిస్తే అదే కర్వు ముందు కనిపిస్తుంది. వారానికొకసారి ముగ్గురు నలుగురు కూర్చుని ఒకరి షాట్ ఒకరు చూసే చోట, షాట్ పెట్టినవాళ్లతో పాటు పెట్టనివాళ్ల చేతి పని కూడా మెరుగుపడేది ఇందుకే.

దిద్దిన షాట్‌ను మొదట చూసినవాళ్లకే మళ్లీ చూపిస్తే వాళ్లు తాము చెప్పింది మారిందా అని చూస్తారు, మారితే బాగుందంటారు. అందుకని రెండో విడతలో కనీసం ఒక్కరైనా ఆ షాట్‌ను అంతకుముందు చూడనివాళ్లు ఉండాలి. వాళ్లు కూడా తట్ట బరువు గురించి ఏమీ అనకుండా, ఆమె మట్టి ఎక్కడికి మోసుకెళ్తోందని అడిగితే బరువు కుదిరినట్టే. ఆ ఫైల్ మూసేసి తర్వాతి షాట్ మొదలుపెట్టొచ్చు.